తడిసిన బూట్లలో ముక్క వాసన పోవాలంటే ఏం చేయాలి

వానలు మొదలైన వారం నుంచి అందరూ ఒకటే అడుగుతుంటారు. "బూట్లు ఎండబెట్టాం, పౌడర్ చల్లాం, సెంటు కూడా కొట్టాం. కాలు పెట్టిన అరగంటకు మళ్లీ అదే కంపు. ఇంకేం చేయాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి అలసిపోయి, అంతా ఒకచోట రాస్తున్నాను.

ఓపిక లేనివాళ్ల కోసం జవాబు ముందే చెప్పేస్తాను: మీ బూటు ఆరలేదు. ఆరిందని మీరు అనుకున్నారంతే. పైన చేయి పెడితే పొడిగానే ఉంటుంది. లోపల వేలు పెట్టినా పొడిగానే తగులుతుంది. కానీ పాదం కింద ఉండే అట్టను (ఇన్‌సోల్ అంటారే, అది) పైకి లేపి చూడండి. దాని కింద చెమ్మ అలాగే ఉంటుంది. ఆ చెమ్మ ఉన్నన్నాళ్లూ మీరు పైన ఏం చల్లినా, అది మురుగుకాలువ పక్కన అగరొత్తి వెలిగించినట్టే.

ఇంకో దేశంలో అయితే కొంత సర్దుకుపోవచ్చేమో, మనకు ఆ వీలు లేదు. ఎవరింటికి వెళ్లినా గుమ్మం దగ్గర బూట్లు విప్పాల్సిందే. పెళ్లయిన కొత్తలో ఒక ఆషాఢంలో అత్తగారింటికి వెళ్లాను. దారిలో వాన. బూట్లు వరండాలో విప్పి లోపలికి వెళ్లి కూర్చున్నాను. పది నిమిషాలకు మా అత్తగారు చీపురు పట్టుకుని వరండాలో బల్ల కింద, సైకిలు వెనక వెతుకుతున్నారు, "ఎక్కడో ఎలుక చచ్చినట్టుంది" అంటూ. ఎలుక దొరకలేదు. నేనేమీ మాట్లాడలేదు. ఈ విషయంలో నా శ్రద్ధ ఆ రోజే మొదలైంది.

మొదట ఏ వాసనో చూసుకోండి

సైన్సు నాలుగు ముక్కల్లో ముగిస్తాను. చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. పాదాల మీద ఉండే బాక్టీరియా ఆ చెమటను, చర్మపు పొట్టును తిని ఆమ్లాలను వదులుతుంది. అందుకే అది పులిసిన వాసన. రెండోది బూజు. చెమ్మ చాలాసేపు నిలిచిన బట్ట మీద, అట్ట మీద, తోలు మీద బూజు పడుతుంది. అది ముక్కిన బియ్యం వాసన, వానాకాలంలో తెరవని బీరువా వాసన.

ఈ తేడా ఎందుకంటే మందు వేరు. పులిసిన వాసనకు వంటసోడా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది క్షారం, ఆమ్లాన్ని విరుస్తుంది. బూజు వాసనకు సోడా ఒక్కటే చాలదు. దానికి వెనిగర్ గానీ స్పిరిట్ గానీ కావాలి. చాలామంది బూజు పట్టిన బూట్లలో డబ్బాలకు డబ్బాలు సోడా పోసి, అది పనిచేయలేదంటారు. తప్పు సోడాది కాదు.

కావలసినవి

పాత న్యూస్‌పేపర్లు, ఒక్కో జతకు కనీసం మూడు నాలుగు రోజుల పేపర్లు. లోపల తెల్ల బట్ట ఉన్న బూట్లయితే అచ్చు సిరా అంటుకుంటుంది కాబట్టి రాయని తెల్ల కాగితం గానీ, పాత నూలు పంచె ముక్కలు గానీ తీసుకోండి.

ఒక ఆరిన తువ్వాలు. టేబుల్ ఫ్యాన్. పాత టూత్‌బ్రష్. కొంచెం బట్టల సబ్బుపొడి.

తెల్ల వెనిగర్. ఫ్రైడ్ రైస్‌లో వేసేదే, కిరాణా కొట్లో దొరుకుతుంది. రంగు వెనిగర్ వద్దు, మరక పడుతుంది.

వంటసోడా, అదే తినేసోడా. ఇక్కడే చాలామంది పొరబడతారు. బట్టలకు వాడే చాకలి సోడా వేరు, అది ఘాటుగా ఉంటుంది, చర్మం మండుతుంది. కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్ కూడా వేరు. అందులో పిండి కలిసి ఉంటుంది, చెమ్మ తగిలితే బూటులోపల మైదా ముద్దలా అతుక్కుంటుంది. దాన్ని గీకడం నరకం.

మెడికల్ షాపులో దొరికే 70 శాతం స్పిరిట్. అది లేకపోతే నీళ్లలా ఉండే హ్యాండ్ శానిటైజర్ పనికొస్తుంది. జెల్ రకం వద్దు.

వంటింటి త్రాసు ఉంటే ఇంకా మంచిది. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.

1. ఏ నీళ్లలో తడిశాయో గుర్తు తెచ్చుకోండి

వాన చినుకులకు తడిసిన బూట్లకు, రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లలో నడిచిన బూట్లకు తేడా ఉంది. మన ఊళ్లలో రోడ్డు మీద నిలిచిన నీళ్లంటే సగం డ్రైనేజీయే. ఆ బూట్లను అలాగే ఆరబెడితే మురికి లోపలే ఎండి, మళ్లీ చెమ్మ తగిలిన రోజున బతికొస్తుంది. అవి ముందు ఉతకాల్సిందే, అదీ చేతులకు గ్లౌజులు వేసుకుని. నిలిచిన నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి ఉంటే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే ప్రమాదం ఉంది, చేతి మీద చిన్న గాయం చాలు.

కాన్వాస్ బూట్లు, జాలీగుడ్డ స్పోర్ట్స్ షూస్ అయితే చల్లటి నీళ్లలో సబ్బుపొడి కలిపి, టూత్‌బ్రష్‌తో లోపలా బయటా రుద్ది, సబ్బు పూర్తిగా పోయేవరకు నాలుగైదుసార్లు జాడించండి. సబ్బు మిగిలితే దానికదే చెమ్మను పట్టి ఉంచుతుంది. పిల్లల తెల్ల కాన్వాస్ బూట్లు ఆరాక పసుపు మరకలు పడేది కూడా చాలావరకు ఈ మిగిలిన సబ్బు వల్లే. ఆరబెట్టేటప్పుడు పైన తెల్ల టిష్యూ కాగితం చుట్టి పెడితే ఆ పసుపు కాగితానికి ఎక్కుతుంది, బూటు తెల్లగా ఉంటుంది.

తోలు బూట్లను బకెట్‌లో ముంచవద్దు. తడిగుడ్డతో తుడవండి, అంతే. వాటి సంగతి కింద విడిగా రాశాను.

శుభ్రమైన వాన నీళ్లకే తడిసి ఉంటే ఉతకనక్కర్లేదు, నేరుగా రెండో మెట్టుకు వెళ్లండి.

2. విప్పగలిగినవన్నీ విప్పండి

లేసులు పూర్తిగా లాగేయండి. సగం వదులు చేయడం కాదు, పూర్తిగా. నాలుకను బయటికి మడిచి, బూటు నోరు వీలైనంత తెరవండి. తర్వాత లోపలి అట్ట తీయండి.

అట్ట తీయడం చాలామందికి భయం, బూటు పాడవుతుందని. ఎక్కువ స్పోర్ట్స్ షూస్‌లో అది ఊరికే పెట్టి ఉంటుంది. మడమ దగ్గర చెంచా కాడ దూర్చి నెమ్మదిగా లేపితే వచ్చేస్తుంది. కొన్నిటికి మడమ దగ్గర రెండు చుక్కలు జిగురు ఉంటుంది, అది ఊడినా ఏం కాదు. మా అబ్బాయి స్కూలు బూటులో మొదటిసారి అలా లేపి చూసినప్పుడు పైన బట్ట తెల్లగా, పొడిగా ఉంది. కింద నురగ మాత్రం స్పాంజిలా నీళ్లు పట్టి ఉంది, బొటనవేలితో నొక్కితే చుట్టూ నీటి బుడగలు వచ్చాయి. అడుగున గుడ్డ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. ఆ బూటుకు రెండు వారాలుగా పౌడర్ కొడుతున్నాం మేము.

అట్ట మొత్తం గట్టిగా అతికించి ఉంటే చింపొద్దు. అలాంటి బూట్లకు ఆరే సమయం రెట్టింపు పెట్టుకోండి.

3. నీళ్లు పిండండి

ఆరిన తువ్వాలును బూటులోకి కుక్కి, ఇంకో కొసతో బూటును బయట చుట్టి, రెండు చేతులతో గట్టిగా అదమండి. నేల మీద పెట్టి పైన కాలు వేసి తొక్కినా ఫరవాలేదు, మడమ దగ్గర మాత్రం తొక్కొద్దు, ఆకారం పోతుంది. ఈ పని రెండు నిమిషాలే, కానీ ఫ్యాన్ కింద కొన్ని గంటలు మిగులుతాయి. అట్టను, లేసులను కూడా అలాగే తువ్వాలులో పెట్టి పిండండి. అట్టను మెలితిప్పకండి, చీలుతుంది.

కాన్వాస్ బూట్లను వాషింగ్ మెషీన్‌లో స్పిన్ చేయవచ్చా అని అడుగుతారు. చేయవచ్చు, పాత దిండు గలీబులో వేసి మూతి కట్టి, తోడుగా రెండు తువ్వాళ్లు వేసి. ఒంటరిగా వేస్తే మెషీన్ ఊగి ఇల్లంతా లేస్తుంది. తోలువి, మెరుపులు అతికించినవి మెషీన్‌లో వద్దు.

4. పేపరు కుక్కండి, మార్చండి

అందరికీ తెలిసిన చిట్కానే. తెలియనిది రెండో సగం, అంటే మార్చడం.

పేపరును గట్టి ఉండలుగా చుట్టకండి. నలిపి వదులుగా చేసి, ముందుగా వేళ్ల దగ్గరికి తోయండి. చెమ్మ ఎక్కువగా దాక్కునేది అక్కడే, గాలి ఆడనిది కూడా అక్కడే. తర్వాత మధ్య భాగం, చివర మడమ. మొదటి అరగంటకే తీసి చూడండి, పేపరు మెత్తబడి ఉంటుంది. తీసేసి కొత్తది పెట్టండి. ఆ తర్వాత గంటకోసారి, ఆపైన రెండు గంటలకోసారి. పేపరు పొడిగా బయటికి వచ్చేదాకా.

రాత్రి పేపరు కుక్కి పొద్దున తీసే పద్ధతి ఉందే, అది ఈ వాసనకు పుట్టిల్లు. తడిసిన పేపరు ఎనిమిది గంటలు బూటులో ఉంటే అది నీళ్లు పీల్చదు, నీళ్లను కాపలా కాస్తుంది. రాత్రి లేవలేకపోతే, పడుకునే ముందు పేపరంతా తీసేసి ఖాళీ బూటును ఫ్యాన్ ముందు వదిలేయండి. అదే మేలు.

బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో చెప్పారని ఒకరు అడిగారు. బియ్యం చెమ్మను పీల్చేది చాలా నెమ్మదిగా. పైగా ఆ బియ్యం తర్వాత ఏం చేస్తారు?

5. గాలి పెట్టండి, వేడి కాదు

బూటును నేల మీద నిలబెట్టకండి. మడమను గోడకు ఆనించి, ముందు భాగం కిందికి వచ్చేలా ఏటవాలుగా పెట్టి, నోటిలోకి టేబుల్ ఫ్యాన్ గాలి నేరుగా వెళ్లేలా సర్దండి. బాల్చీ మీద చీపురు పుల్లల కట్ట అడ్డంగా పెట్టి దానికి బూట్లు బోర్లా తగిలిస్తే కింద నుంచి కూడా గాలి తగులుతుంది. సీలింగ్ ఫ్యాన్ కింద నేల మీద వదిలేస్తే గాలి బూటు పైన తిరుగుతుంది, లోపలికి వెళ్లదు.

గాలిలోనే తేమ నిండి ఉన్న రోజున ఫ్యాన్ ఒక్కటే ఎంతసేపు తిరిగినా పని సగమే జరుగుతుంది. హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఈ గొడవ. నెల్లూరు వైపు అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి వాళ్లకు దీపావళి రోజుల్లో మొదలవుతుంది. సముద్రం పక్కన విశాఖలో, కాకినాడలో ఉన్నవాళ్లకు సీజన్ అంటూ ప్రత్యేకం లేదు. అలాంటి రోజుల్లో ఇంట్లో ఏసీ ఉంటే ఆ గదిలో డ్రై మోడ్ పెట్టి, ఫ్యాన్ కూడా తిప్పి, బూట్లు అక్కడ ఉంచండి. రాత్రి ఎలాగూ ఏసీ వేసుకుంటారుగా, బూట్లనూ లోపలికి రానివ్వండి. ఉతికినవే సుమా.

ఎండ కాస్తే? కాన్వాస్‌ను, లోపలి అట్టను, లేసులను ఎండలో పెట్టవచ్చు, పెట్టాలి కూడా. మొత్తం బూటును నడి ఎండలో గంటల తరబడి వదిలేయొద్దు. స్పోర్ట్స్ షూస్ అడుగున ఉండే నురగ సోల్ వేడికి కుంచించుకుపోతుంది, జిగురు వదులుతుంది. పొద్దుటి ఎండ రెండు గంటలు చాలు. ట్యాంకు మీద రేకుల షెడ్డుపై పెట్టి మరిచిపోయిన ఒక జతకు నా చేతుల్లోనే సోల్ ఊడివచ్చింది, నోరు తెరిచిన మొసలిలా.

గ్యాస్ పొయ్యి పక్కన, ఇస్త్రీ పెట్టె కింద, కారు డ్యాష్‌బోర్డు మీద వద్దే వద్దు. హెయిర్ డ్రయ్యర్ వాడాలంటే చల్లగాలి మీద పెట్టి, ఒక జానెడు దూరం నుంచి. పాతకాలంలో బూటులో బల్బు వేలాడదీసేవాళ్లు. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బుకు అంత వేడి రాదు, పాత బల్బుతో అయితే కాగితం అంటుకునే ప్రమాదం. రెండూ దండగే.

6. ఆరిందో లేదో పరీక్ష పెట్టండి

ఈ మెట్టు ఎవరూ చేయరు. మళ్లీ వాసన వచ్చేది అందుకే.

మొదటి పరీక్ష త్రాసు. బూటు పొడిగా ఉన్న ఏదో ఒక ఎండాకాలం రోజున తూచి, అట్ట వెనక బాల్‌పెన్‌తో ఆ బరువు రాసిపెట్టుకోండి. మా అబ్బాయి కాన్వాస్ బూటు ఒక్కోటి 310 గ్రాములు. మొన్న వానకు తడిసి ఇంటికొచ్చినప్పుడు 425. తువ్వాలుతో పిండాక 375. పేపర్లు మార్చి, రాత్రంతా ఫ్యాన్ పెట్టాక పొద్దున 335. ఆ పొద్దున నేను లోపల చేయి పెట్టి చూస్తే పూర్తిగా ఆరిపోయినట్టే ఉంది. మా ఆవిడ కూడా ఆరిందనే అంది. కానీ అందులో ఇంకా 25 గ్రాముల నీళ్లున్నాయి, అంటే ఐదు టీ చెంచాలు. ఆ రోజు వేరే బూట్లలో పంపి, సాయంత్రం దాకా ఫ్యాన్ కింద ఉంచితే 312కు వచ్చింది. అప్పుడు వేశాడు, వాసన లేదు.

త్రాసు లేకపోతే రెండో పరీక్ష. బూటును పారదర్శకంగా ఉండే పాలిథిన్ కవర్లో పెట్టి, మూతి గట్టిగా ముడి వేసి, గంటసేపు కిటికీ దగ్గర వెలుతురులో ఉంచండి. కవరు లోపలి వైపు మంచు పట్టినట్టు మసకబారినా, చుక్కలు కనిపించినా ఇంకా తడి ఉన్నట్టే. ఇదే కవరుతో వాసన పరీక్ష కూడా అయిపోతుంది: ముడి విప్పగానే వచ్చే మొదటి గాలి చూడండి. మీరు కాదు, ఇంట్లో ఇంకొకరు. మన ముక్కు మన వాసనకు ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది.

మూడోది, ఏమీ లేకపోతే: చేతి వెనక భాగాన్ని బూటు ముందుకొస దాకా దూర్చండి. అరచేయి కంటే చేతి వెనక చర్మానికి చల్లదనం బాగా తెలుస్తుంది. మిగతా చోట్ల కంటే వేళ్ల దగ్గర చల్లగా ఉంటే అక్కడ నీరు ఇంకా ఆవిరవుతోందని అర్థం.

7. ఇప్పుడు వాసన సంగతి

ఆరిన బూటు మీదే ఇది చేయాలి. తడి బూటులో వంటసోడా పోస్తే సిమెంటు.

ముక్క వాసన, నల్ల చుక్కలు ఉంటే: వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డ ముంచి, గట్టిగా పిండి, లోపలంతా తుడవండి. అట్టకు రెండు వైపులా తుడవండి. పోయవద్దు, చల్లి తడపవద్దు, ఇప్పుడే కదా అంత కష్టపడి ఆరబెట్టాం. పది నిమిషాలాగి, ఉత్త నీళ్లలో పిండిన గుడ్డతో ఇంకోసారి తుడిచి, ఫ్యాన్ కింద రెండు మూడు గంటలు పెట్టండి. వెనిగర్ వాసన ఆరాక పోతుంది. వెనిగర్ ఇష్టం లేనివాళ్లు స్పిరిట్ తుడవండి, త్వరగా ఆరుతుంది. స్పిరిట్ వాడేటప్పుడు పొయ్యి, దీపం దగ్గర లేకుండా చూసుకోండి, రంగు బట్ట అయితే లోపల ఒక మూల రుద్ది రంగు దిగుతుందేమో చూడండి.

పులిసిన చెమట వాసన ఉంటే: ఒక్కో బూటులో రెండు చెంచాల వంటసోడా వేసి, అటూ ఇటూ ఊపి, రాత్రంతా వదిలేసి పొద్దున బయట దులపండి. సందుల్లో మిగిలింది టూత్‌బ్రష్‌తో తీయండి. నల్ల లైనింగ్ ఉన్న బూట్లలో తెల్లగా మిగిలిపోతుంది. అలాంటి వాటికి సోడాను పాత పలచటి సాక్సులో పోసి ముడి వేసి లోపల పెట్టండి. కొంచెం నిదానం, కానీ గలీజు లేదు.

రెండూ ఉంటే ముందు వెనిగర్, ఆరాక సోడా. రెండూ ఒకేసారి కలిపితే బుసబుస పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, ఒకదాన్ని ఒకటి చంపుకుని మిగిలేది ఉప్పు నీళ్లే.

తెల్ల కాన్వాస్‌కు మాత్రం, అదీ బూజు మరీ ముదిరితే, లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా ద్రవ బ్లీచ్ కలిపి పది నిమిషాలు నానబెట్టి బాగా జాడించవచ్చు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: బ్లీచ్ వాడిన రోజున వెనిగర్ సీసా ముట్టుకోవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న బాత్రూమ్‌లో ఊపిరాడదు. బ్లీచింగ్ పౌడర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

8. తిరిగి బిగించడం

అట్ట, లేసులు, బూటు మూడూ విడివిడిగా ఆరాయని చూసుకుని అప్పుడే కలపండి. అట్ట ఆరకుండా పెడితే మళ్లీ మొదటికి. బిగించాక బూట్లను మూత ఉన్న స్టాండులో పెట్టకండి, ఒకటి రెండు రోజులు బయటే ఉండనివ్వండి.

తోలు బూట్ల కథ వేరు

ఆఫీసుకు వేసుకునే తోలు బూట్లకు పై మెట్లలో పేపరు, గాలి వర్తిస్తాయి. ఎండ అస్సలు వర్తించదు. తడి తోలు త్వరగా ఎండితే బిరుసెక్కి పగులుతుంది. రెండు రోజులు నీడలోనే, ఓపికగా. తడి మీద పాలిష్ రుద్దకండి. మైనపు పొర లోపలి తడిని బంధించేస్తుంది, పైన మెరుపు, లోపల బూజు.

అల్మరాలో నెలల తరబడి ఉండి పైన తెల్లటి నూగు పట్టిన తోలు బూట్లయితే, ఇంట్లో దులపకండి, ఆ పొడి బీరువాలో బట్టలకు ఎక్కుతుంది. బాల్కనీలోకి తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డ పారేయండి. తర్వాత వెనిగర్ నీళ్లలో బాగా పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, ఆపైన లెదర్ క్రీము పట్టించండి. కొబ్బరినూనె రాస్తే తోలు మెత్తబడుతుంది నిజమే, కానీ రంగు ముదురుతుంది, కొన్నాళ్లకు నూనె కూడా ముక్క వాసన వేస్తుంది. ఒక వాసన పోగొట్టడానికి ఇంకో వాసన ఎందుకు? తోలు లోపల వంటసోడా కూడా నేరుగా పోయకండి, మరీ ఎండబెట్టేస్తుంది. సాక్సులో ముడి వేసి పెట్టండి.

రేపు పొద్దున్నే స్కూలు ఉంది, ఇప్పుడు రాత్రి తొమ్మిది

ఈ పరిస్థితి నాకు బాగా తెలుసు. తువ్వాలుతో రెండుసార్లు పిండండి. పదిన్నర దాకా అరగంటకోసారి పేపరు మార్చండి. పడుకునే ముందు పేపరు తీసి, ఫ్యాన్ గాలి బూటు నోట్లోకి వెళ్లేలా పెట్టండి. అట్టను విడిగా ఫ్యాన్ జాలీ దగ్గర క్లిప్పుతో వేలాడదీయండి, అది పొద్దునకు ఆరుతుంది. పొద్దున బూటులో స్పిరిట్ తుడిచి పది నిమిషాలు ఆగి, అడుగున మందపాటి పొడి కాగితం పరిచి, పైన అట్ట పెట్టి పంపండి. బ్యాగులో ఒక జత సాక్సులు అదనంగా పెట్టండి, మధ్యాహ్నం మార్చుకోమనండి. సాయంత్రం రాగానే మళ్లీ మొదటి నుంచి. ఇది ఆ ఒక్క రోజు గడవడానికే.

ఎక్కువగా చేసే పొరపాట్లు

కలరా ఉండలు. బూట్లలో ఇవి వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాసనను కప్పుతాయి తప్ప తీయవు, పాదాలకు ఆ రసాయనం అంటుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే మింగే ప్రమాదం. కర్పూరం కూడా కప్పడమే, కాకపోతే వాసన నచ్చుతుంది.

ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో పెట్టడం. చలికి బాక్టీరియా చావదు, నిద్రపోతుంది. మీ కాలి వెచ్చదనానికి లేస్తుంది. కూరగాయల పక్కన బూట్లు పెట్టడానికి ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారన్నది వేరే విషయం.

టాల్కం పౌడర్. పొడి పాదానికి మంచిదే. తడి బూటులో ముద్ద కట్టి చెమ్మను పట్టుకుంటుంది.

కొత్త బూట్ల డబ్బాలో వచ్చే చిన్న సిలికా జెల్ పొట్లాలు తడిసిన బూటును ఆరబెట్టలేవు, వాటి శక్తి అంత లేదు. ఆరిపోయిన బూట్లను దాచేటప్పుడు పనికొస్తాయి. అలా దాచడానికి నాకు వాటికంటే బొగ్గులు నచ్చుతాయి. ఇస్త్రీ బండి ఆయన ఇంకా బొగ్గులే వాడుతుంటే (చాలామంది గ్యాస్‌కు మారిపోయారు) పది రూపాయలకు గుప్పెడు ఇస్తాడు. వెలిగించని బొగ్గులే అడగండి. పాత సాక్సులో పోసి ముడి వేసి బూటులో పెట్టండి, నెలకోసారి ఎండలో పెట్టి మళ్లీ వాడండి.

బూటు బాగుచేసి, సాక్సులు వదిలేయడం. ముక్క వాసన పట్టిన సాక్సులను ఒకసారి గోరువెచ్చటి నీళ్లలో అరకప్పు వెనిగర్ పోసి అరగంట నానబెట్టి, తర్వాత సబ్బుతో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. తిరగేయడం ముఖ్యం, కాలు తగిలే వైపు లోపలే కదా ఉండేది.

ఇంత చేసినా వాసన వస్తే పాదాలు చూసుకోండి. వేళ్ల సందుల్లో తెల్లగా నాని, దురద, పొట్టు లేవడం ఉంటే అది బూటు సమస్య కాదు, ఫంగస్. మెడికల్ షాపులో ఏదో ట్యూబు కొనే ముందు చర్మం డాక్టరుకు చూపించండి. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయకండి, చిన్న పుండు కూడా వాళ్లకు చిన్నది కాదు. ఊరికే చెమట ఎక్కువ పట్టేవాళ్లు రాత్రిపూట పటిక కలిపిన నీళ్లలో పది నిమిషాలు పాదాలు పెట్టుకుంటే కొంత తగ్గుతుంది. మంగలి షాపులో గడ్డం చేశాక రుద్దుతారే, ఆ పటికే.

ఎప్పుడు ఆశ వదులుకోవాలి

ఈ పద్ధతంతా రెండుసార్లు చేశాక కూడా పాలిథిన్ కవరు విప్పగానే ముక్క వాసన కొడితే, బూజు అట్టలోనో, బూటు అడుగు పొరలోనో పాతుకుపోయిందన్నమాట. బూటు పారేయక్కర్లేదు, ముందు అట్ట మార్చండి. చాలాసార్లు కంపు అట్టదే. చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పాత అట్టను కొలతకు తీసుకెళ్తే, అదే సైజులో కొత్తది కత్తిరించి ఇస్తాడు. వెంటనే అతికించమనకండి, ఊరికే పెట్టుకోండి, వచ్చే వానకు మళ్లీ తీయాలిగా. పాతదాన్ని మాత్రం కవర్లో కట్టి తీసుకెళ్లండి. నేను జేబులో పెట్టుకుని వెళ్లాను, ఆ ప్యాంటు కూడా ఉతకాల్సి వచ్చింది.